చెల్లి బుగ్గల మీద ఎరుపు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, డిగ్రీ విద్యార్థులు, పొదుపు సంఘాల మహిళలు కూర్చున్న సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంట్లో పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఉంటే చెయ్యెత్తండి. చూశారా, హాల్లో సగం చేతులు లేచాయి. దించేయండి. ఇప్పుడు ఆ మాత్ర వేసుకునేది మగమనిషి అయితేనే ఎత్తండి. రెండు... వెనకాల ఇంకొకటి, మూడు. అంతే.

ఈ తేడా గురించి మాట్లాడదామనే వచ్చాను.

థైరాయిడ్ పని తగ్గిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి హాషిమోటో జబ్బు. 1912లో హకారు హాషిమోటో అనే జపాన్ వైద్యుడు దీని గురించి రాశాడు. బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవి ఏదీ ఉండదు. మన రక్షణ కణాలే మన థైరాయిడ్ గ్రంథి మీద పడతాయి, దాని మీదికి యాంటీబాడీలు, అంటే మామూలుగా క్రిములకు అతుక్కుని మనల్ని కాపాడే ప్రొటీన్లు, కూడా తయారవుతాయి. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఇది ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. ల్యూపస్ అని ఇంకో జబ్బుంది, అందులో ఆ దాడి చర్మం, కీళ్లు, కిడ్నీల దాకా వెళ్తుంది, అది వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. వేళ్లు వంకర్లు పోయే రుమటాయిడ్ కీళ్లవాతం ఒక మగవాడికి వస్తే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు వస్తుంది.

దీన్నిబట్టి ఆడవాళ్ల రోగనిరోధక శక్తి బలహీనం అనుకుంటారేమో. కాదు, తిరగబడి ఉంది లెక్క. 2008లో ఫ్లూ టీకా మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం వచ్చింది. కొందరికి పూర్తి డోసు ఇచ్చారు, కొందరికి సగమే ఇచ్చారు. సగం డోసు తీసుకున్న ఆడవాళ్లలో పుట్టిన యాంటీబాడీలు, పూర్తి డోసు తీసుకున్న మగవాళ్లలో పుట్టినవాటికి ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అంటే ఆడవాళ్ల శరీరం యాంటీబాడీలు చేయడంలో చేయి తిరిగినది. ఆ చేయి తిరిగిన పనికి కొందరు చెల్లించే మూల్యమే ఇందాక చెప్పిన జబ్బులు.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. మా ఇంట్లో తెలుసుకున్నాను.

మా చెల్లి విషయం. తనని అడిగే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దంది. 1996లో తనకి 21 ఏళ్లు. బీఎస్సీ చివరి సంవత్సరం. పొద్దున్న లేవలేకపోయేది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి "ఏటే, ఇంకా లెగలేదా? పొద్దెక్కిపోనాది" అని కేకలేసేది. లేచాక కూడా వేళ్లు బిగుసుకుపోయి, జడ వేసుకోవడానికి రిబ్బను ముడి పడేది కాదు. నేను వేసేదాన్ని. జుట్టు దువ్వెనతో పాటు వచ్చేసేది. సాయంత్రమైతే సన్నగా జ్వరం. ఇంట్లో అందరం అన్నమాట ఒక్కటే, రక్తం తక్కువై ఉంటుంది, ఐరన్ మాత్రలు వేసుకో.

ఆ మాఘమాసం రథసప్తమికి అరసవల్లి వెళ్లాం. ఆ రోజు అక్కడ జనం ఎలా ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు గంటలు లైన్లో నిలబడ్డాం, అందులో రెండు గంటలకు పైగా ఎండలోనే. ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున్న చెల్లి ముఖం చూసి భయపడ్డాను. ముక్కు దూలం మీదుగా రెండు బుగ్గలకూ ఎర్రగా పాకింది, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా. ముక్కు పక్కనుంచి పెదాల దాకా దిగే మడత ఉంటుందే, అక్కడ మాత్రం చర్మం మామూలుగా ఉంది. ఎండదెబ్బ అన్నారొకరు. కుంకుమ పడలేదేమో అన్నారొకరు. జంతుశాస్త్రం పాఠం చెప్పే నేను కూడా అది ఎలర్జీ అనుకుని కలబంద గుజ్జు రాశాను.

తర్వాత మూడేళ్లు తిరిగాం. ఒక డాక్టరు గారు "టెన్షన్ పడుతోంది, చదువు మాన్పించండి" అన్నారు. ఇంకొకరు పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు గుచ్చుకుంటూనే ఉంది. 1999లో కాళ్లు నీరు పట్టి, మూత్రం సబ్బు నీళ్లలా నురగ కడితే విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడ ఒక పెద్దావిడ, డాక్టరమ్మ, చెల్లి ముఖం చూసి, వేళ్లు నొక్కి చూసి, మూత్రం పరీక్ష, ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాశారు. రెండు రోజుల్లో చెప్పేశారు, ల్యూపస్ అని. కిడ్నీని అప్పటికే తాకింది.

ఏఎన్ఏ అంటే మన కణం మధ్యలో ఉండే కేంద్రకం మీదే మనం తయారుచేసుకున్న యాంటీబాడీలు. నా చెల్లి తన కణాల మీద తానే బాణాలు తయారుచేసుకుంటోందా, ఎందుకు, అని ఆ రాత్రి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులో వస్తూ ఆలోచించాను. అప్పట్నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇప్పుడు కోడి దగ్గరికి వెళ్దాం. నవ్వకండి, యాంటీబాడీలు చేసే కణాల కథలో పెద్ద మలుపు నిజంగానే కోడి దగ్గర వచ్చింది.

నేను ప్రాక్టికల్స్‌కి బ్రాయిలర్ కోడి తోక భాగం తెప్పించేదాన్ని. చికెన్ కొట్లో పారేసేదే, అడిగితే ఇస్తారు. ట్రేలో పెట్టి, పెద్దపేగు చివరిదాకా వెళ్తే, దానికి వెన్నువైపున ఒక చిన్న సంచి అంటుకుని ఉంటుంది. రేగుపండంత ఉంటుంది, పసుపు కలిసిన తెలుపు. దాన్ని బ్లేడుతో రెండుగా కోస్తే లోపల పుస్తకం పేజీల్లా మడతలు. అదే ముదురు పుంజును తెచ్చి చూడండి, ఆ సంచి దాదాపు కనిపించదు. కోడి ఈడుకొచ్చేసరికి ముడుచుకుపోతుంది. లైంగిక హార్మోన్లు పెరిగే సమయానికి ఆ సంచి కరిగిపోతుందన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇటలీలో ఫాబ్రిసియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు దీని గురించి రాశాడు. ఆయన పోయాక 1621లో ఆ పుస్తకం అచ్చయింది. అందుకే దీని పేరు ఫాబ్రిసియస్ సంచి, బర్సా. మూడు వందల ఏళ్లు ఇది ఎందుకుందో ఎవరికీ తెలియలేదు. 1950ల్లో అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే కుర్రాడు దీని పని ఏమిటని తన గురువును అడిగితే, నువ్వే కనుక్కో అన్నాడట ఆయన. గ్లిక్ కోడిపిల్లలకు ఆ సంచి తీసేసి పెంచాడు. బాగానే పెరిగాయి. ఏమీ తేలలేదు. తర్వాత తిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థికి, క్లాసులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపించడానికి కోళ్లు కావాల్సొచ్చాయి. గ్లిక్ దగ్గర మిగిలిన కోళ్లు తీసుకెళ్లి సాల్మొనెల్లా సూది వేశాడు. యాంటీబాడీలు పుట్టలేదు. రికార్డు తిరగేస్తే అవన్నీ సంచి తీసేసిన కోళ్లు. పెద్ద పత్రిక దాన్ని వేసుకోలేదు. 1956లో కోళ్ల పెంపకం పత్రికలో అచ్చయింది. ఇవాళ డాక్టర్లందరూ బి కణాలు అంటారే, ఆ బి అక్షరం ఈ బర్సా నుంచి వచ్చిందే. యాంటీబాడీలు చేసేవి ఆ బి కణాలే.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఫారాలు నడిపేవాళ్లకు గంబోరో తెగులు బాగా తెలుసు. ఆ వైరస్ సరిగ్గా ఈ సంచిలోని బి కణాలనే చంపుతుంది. తెగులు నుంచి బతికి బట్టకట్టిన కోడికి కొక్కెర తెగులు టీకా వేసినా సరిగా పట్టదు. కారణం ఇదే, యాంటీబాడీ చేసే కణాలే పోయాయి కదా.

ఇప్పుడు అసలు సంగతి. 1959లో కొందరు శాస్త్రవేత్తలు పొదుగుతున్న గుడ్డులోకి ఐదో రోజున మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కి దగ్గరి చుట్టమైన ఒక హార్మోన్ ఇచ్చారు. పిల్ల బయటికొచ్చింది, సంచి మాత్రం తయారుకాలేదు. మరుసటి ఏడాది చూపించారు, అలాంటి కోళ్లకు యాంటీబాడీలు చేసే శక్తి పోయిందని. కత్తి పెట్టలేదు, కోయలేదు. మగ హార్మోన్ చాలింది.

మనుషుల్లో ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముకల మూలుగలో పుడతాయి. గుడ్డులోకి ఎక్కించిన మోతాదు ప్రకృతిలో ఉండేదీ కాదు. కాబట్టి కోడికి జరిగింది మగవాడికి జరుగుతుందని నేను అనడం లేదు. హార్మోన్లకూ యాంటీబాడీలు చేసే కణాలకూ మధ్య మాటామంతీ ఉందని మాత్రం ఆ గుడ్డు చెప్పింది.

ఆ మాటామంతీ మన ఒంట్లో ఎక్కడ జరుగుతుంది? కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా. అమ్మమ్మలు ఉప్పు మూటతో కాపడం పెట్టేవారు. ఆ బిళ్ల రోగం కాదు, కార్ఖానా. ముల్లు మోసుకొచ్చిన క్రిమికి సరిపోయే బి కణం అక్కడ ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. విభజన జరిగే ప్రతిసారీ యాంటీబాడీ జన్యువును ఆ కణాలు కావాలనే కాస్త కాస్త మార్చుకుంటాయి. బాగా అతుక్కునేది బతుకుతుంది, అతుక్కోనిది చస్తుంది. రైతు గట్టి కంకులు ఏరి విత్తనానికి దాచినట్టే. మొదట చేసే ఐజీఎం రకం యాంటీబాడీని వదిలి ఐజీజీ రకానికి మారడం కూడా అక్కడే జరుగుతుంది. ఈ మార్పులు చేసే ఎంజైమును ఎయిడ్ అంటారు, ఆ ఎయిడ్స్ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. జపాన్‌లో హోంజో అనే శాస్త్రవేత్త బృందం దాన్ని 1999లో కనుగొంది. మా చెల్లికి జబ్బు పేరు తెలిసిన ఏడాదే.

బి కణం లోపల ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వచ్చి కూర్చోవడానికి ఒక పీట ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఆ పీట మీద కూర్చోగానే రెండూ కలిసి నేరుగా జన్యువుల దగ్గరికి వెళ్తాయి. 2009లో తేలింది ఏమిటంటే, అవి ఎయిడ్ జన్యువు స్విచ్ దగ్గరే కూర్చుని దాన్ని పెంచుతాయి. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ అదే స్విచ్‌ను తగ్గిస్తుంది. నెలసరి చక్రంలో ఈ రెండూ ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అంటే ఆడమనిషి ఒంట్లో యాంటీబాడీ కార్ఖానా ఒకే వేగంతో నడవదు.

ఇందులో ఒక చిక్కుంది. కావాలని జన్యువును మార్చుకుంటూ పోతే, ఎప్పుడో ఒకసారి క్రిమికి బదులు మన కణానికే అతుక్కునే యాంటీబాడీ పుట్టక తప్పదు. అది అందరిలోనూ పుడుతుంది. మామూలుగా శరీరం ఆ కణాన్ని కలుపు మొక్కలా పీకేస్తుంది. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో ఈస్ట్రోజెన్ ఎక్కువైనప్పుడు ఈ కలుపుతీత మందగించింది. చావాల్సిన బి కణాలు బతికిపోయాయి. పంటకు ఎరువు వేస్తే కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది కదా, అలా.

మగ హార్మోన్ వైపు చూద్దాం. బలం అంటే మన జిల్లాలో ముందుగా గుర్తొచ్చేది వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు. ఛాతీకి గొలుసు చుట్టి, ఊపిరి బిగించి తెంపేవారని మా నాన్న చెప్పేవారు. కండ పెరగడానికి టెస్టోస్టిరాన్ కావాలి. యాంటీబాడీల దగ్గర దాని పని వేరు. బి కణాలు బతకడానికి బ్యాఫ్ అనే ఒక ప్రొటీన్ కావాలి, అది వాటికి గంజిలాంటిది. 2018లో స్వీడన్ పరిశోధకులు చూపించింది, టెస్టోస్టిరాన్ ప్లీహంలో ఆ గంజిని తక్కువగా పోయిస్తుందని. టెస్టోస్టిరాన్ లేని మగ ఎలుకల్లో బ్యాఫ్ పెరిగింది, బి కణాలూ పెరిగాయి. అంతకు నాలుగేళ్ల ముందు స్టాన్‌ఫర్డ్‌లో ఫ్లూ టీకా తీసుకున్నవాళ్లను చూస్తే, టెస్టోస్టిరాన్ ఎక్కువున్న మగవాళ్లలో టీకాకి యాంటీబాడీలు బాగా తక్కువ వచ్చాయి. ల్యూపస్‌కి 2011లో ఆమోదం పొందిన బెలిముమాబ్ అనే సూది మందు చేసే పని కూడా ఈ బ్యాఫ్‌ను పట్టుకుని ఆపడమే. మగవాడి ఒంట్లో హార్మోన్ ఊరికే చేసే పనికి ఇక్కడ మనం ఖరీదైన సూది వేయించుకుంటున్నాం.

ఆడ హార్మోన్, మగ హార్మోన్ అని సులువుగా అనేస్తున్నాను గానీ రెండూ ఇద్దరిలోనూ ఉంటాయి. పాళ్లే వేరు. పైగా కథంతా హార్మోన్లదే కాదు. పెద్దమనిషి కాని చిన్నపిల్లల్లో కూడా ల్యూపస్ ఆడపిల్లలకే కొంచెం ఎక్కువ. ముట్లుడిగిన తర్వాత వచ్చే ల్యూపస్‌లోనూ తేడా పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద రోగనిరోధక జన్యువులు చాలా ఉన్నాయి, ఆడవాళ్లకు ఆ క్రోమోజోములు రెండు. రెండు ఎక్స్‌లు, ఒక వై ఉన్న మగవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ల్యూపస్ ముప్పు మిగతా మగవాళ్ల కంటే దాదాపు 14 రెట్లు. వాళ్లలో టెస్టోస్టిరాన్ కూడా తక్కువే ఉంటుంది కాబట్టి ఎంత క్రోమోజోముది, ఎంత హార్మోన్‌ది అని విడదీయడం అంత తేలిక కాదు. అయినా 15 నుంచి 45 ఏళ్ల మధ్య, అంటే ఈస్ట్రోజెన్ నిండుగా ఉండే ఏళ్లలోనే తొమ్మిదికి ఒకటి అనే తేడా కనిపించడం కాకతాళీయం కాదు.

అసలు ఆడమనిషికి ఇంత యాంటీబాడీ ఎందుకు? నాకు తోచిన జవాబు ఈ హాల్లో ఏఎన్ఎంలకు రోజూ కనిపించేదే. కడుపుతో ఉన్నావిడకు ధనుర్వాతం టీకా వేస్తారు. వేసేది తల్లి చేతికి, కాపాడేది పుట్టబోయే బిడ్డని. తల్లి చేసిన ఐజీజీ యాంటీబాడీలను మాయ ఏరి ఏరి బిడ్డలోకి పంపుతుంది. ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే వెళ్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లికి సమానంగా, కొన్నిసార్లు తల్లి కంటే ఎక్కువగా ఉంటుంది. నెల తక్కువ పిల్లలు ఎందుకంత సుకుమారంగా ఉంటారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఆపైన ముర్రుపాలలో ఇంకో రకం యాంటీబాడీలు, ఐజీఏలు. మొదటి పాలు పిండి పారబోసే ఇళ్లు నా చిన్నప్పుడు మా వీధిలోనే ఉండేవి. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రకటించారు. ఆ విజయంలో టీకా ఉంది, శుభ్రమైన కాన్పు ఉంది, సూది పట్టుకుని గట్ల మీద నడిచిన మీ కాళ్లున్నాయి. తల్లి రక్తానికి యాంటీబాడీ చేసే నేర్పు కూడా ఉంది.

గర్భం వచ్చినప్పుడు ఈ జబ్బులు ఒకేలా నడవవు. అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లు నెల తప్పగానే తేలికపడటం గమనించి 1938లో రాశాడు. ఆ దారి వెంట వెళ్లిన పరిశోధనే కార్టిసోన్ మందు దాకా వెళ్లింది, 1950లో నోబెల్ వచ్చింది. గర్భంలో యాంటీబాడీల తోకకు అంటుకున్న చక్కెర గొలుసులు మారిపోయి అవి మెత్తబడతాయని తర్వాత తెలిసింది. కాన్పయిన కొన్ని నెలలకు నొప్పులు మళ్లీ తిరగబెడతాయి. ల్యూపస్ అలా కాదు, గర్భంలోనే రేగే ప్రమాదం ఉంది. బాలింత కీళ్లు పట్టేశాయంటే అంతా పురిటి వాతమని, చల్లగాలి తగిలిందని ఊరుకోకండి.

ఇప్పుడు మీ పనికి వచ్చే మాటలు చెబుతాను. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే అమ్మాయి వేళ్ల నొప్పులంటే, పని వల్లే అని మనం తేల్చేస్తాం. పని వల్ల వచ్చే నొప్పి సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. రుమటాయిడ్ నొప్పి తెల్లవారుజామున పట్టేస్తుంది. గంట దాటినా పిడికిలి బిగియదు, చేతులు ఆడించిన కొద్దీ సడలుతుంది. "పొద్దున్న చపాతీ పిండి కలపగలుగుతున్నావా, బట్ట పిండగలుగుతున్నావా?" అని అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

రెండోది నాకు ఇంకా గట్టిగా చెప్పాలని ఉంది. కిడ్నీ జబ్బంటే మన జిల్లాలో అందరికీ ఉద్దానమే. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒక పాతికేళ్ల అమ్మాయికి కాళ్లు వాస్తే ఇంట్లోవాళ్లు ఏడుస్తారే తప్ప ఆశ్చర్యపోరు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ సాధారణంగా పెద్దగా పోదు, చప్పుడు లేకుండా కిడ్నీ ఎండిపోతుంది. ల్యూపస్ కిడ్నీని తాకితే ప్రొటీన్ ధారగా పోతుంది, మూత్రం నురగ కడుతుంది, రక్తం కూడా కనిపించవచ్చు. తేడా చెప్పడానికి మొదటి మెట్టు మూత్రంలో ముంచే ఒక చిన్న పట్టీ. ఆ పట్టీ మీ దగ్గర ఉంది. ల్యూపస్ కిడ్నీకి మందుంది, సకాలంలో మొదలుపెడితే కిడ్నీ నిలుస్తుంది. వయసులో ఉన్న ఆడపిల్ల, కీళ్ల నొప్పి, నోట్లో పుళ్లు, జుట్టు ఊడటం, ఎండకి బుగ్గలు కందడం, మూత్రంలో నురగ... వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఉద్దానం అని వదిలేయకుండా పెద్దాసుపత్రికి పంపండి. మా చెల్లికి మూడేళ్లు పోయాయి. ఇంకో ఆడపిల్లకి మూడు వారాలు కూడా పోకూడదని నా కోరిక.

మందుల గురించి ఒక్క మాట. రుమటాయిడ్‌కి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందే. అది చెప్పుకోవడం మనకి గర్వం. కానీ కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని వేసుకోకూడదు, బిడ్డకు ప్రమాదం. పెళ్లయిన అమ్మాయి ఆ మాత్ర వాడుతుంటే, పిల్లల గురించి ఆలోచన మొదలైన రోజే డాక్టరుకు చెప్పమనండి. ల్యూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అలా కాదు, దాన్ని గర్భంలోనూ కొనసాగిస్తారు. కరోనా రోజుల్లో ఆ మాత్ర కొట్లలో దొరక్క చెల్లి ఎంత కంగారు పడిందో నేను చూశాను.

ఇంక మీరు అడగండి.

(వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన: "మరి ఆడవాళ్లకు సగం డోసు టీకా చాలంటారా అమ్మా?")

లేదు బాబూ. ఆ అధ్యయనం ఒక టీకా మీద జరిగింది, అదీ యాంటీబాడీల లెక్క. దాన్ని పట్టుకుని మనం డోసులు తగ్గించేసుకోకూడదు. ఆడవాళ్లకు టీకా వేశాక చెయ్యి నొప్పి, జ్వరం కొంచెం ఎక్కువగా రావడానికి మాత్రం ఇది కొంత కారణం. జ్వరం వచ్చిందని రెండో డోసు మానేసేవాళ్లకు ఈ మాట చెప్పండి.

(ఒక ఏఎన్ఎం: "ల్యూపస్ ఉన్నవాళ్లకు మాలా-ఎన్ గర్భనిరోధక మాత్ర ఇవ్వొచ్చా మేడమ్? అందులో ఈస్ట్రోజెన్ ఉంది కదా.")

మంచి ప్రశ్న తల్లీ. జబ్బు అదుపులో ఉన్న ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. అలాంటి మాత్రల వల్ల జబ్బు పెద్దగా రేగలేదు. కానీ కిడ్నీ జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకూ, రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లకూ ఈస్ట్రోజెన్ మాత్ర వద్దు. గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. ఆ పరీక్ష చేయించకుండా మీరు ఇవ్వకండి, కాపర్-టీ లాంటివి చెప్పండి.

(ఒక ఆశా కార్యకర్త: "ఆ జబ్బున్న పిల్లకి పెళ్లి చెయ్యొచ్చా? పిల్లలు పుడతారా? మా ఊళ్లో ఒక గుంట ఉంది, సంబంధాలు వస్తుంటే వాళ్లమ్మ చెప్పాలా వద్దా అని ఏడుస్తోంది.")

చెప్పమనండమ్మా. మేమూ చెప్పాం. రెండు సంబంధాలు వెనక్కెళ్లాయి, మూడోవాళ్లు రిపోర్టులు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికే వచ్చారు, ఆయనే మా బావ. జబ్బు కనీసం ఆరు నెలలు నిమ్మళంగా ఉన్నాక గర్భం మంచిదన్నారు. చెల్లి ఆగింది, 2005లో నెల తప్పింది. తన రక్తంలో యాంటీ-రో అనే యాంటీబాడీ ఉంది. తల్లినుంచి మంచి యాంటీబాడీలు వెళ్లే దారిలోనే అదీ బిడ్డలోకి వెళ్తుంది. వందలో ఒకరిద్దరు బిడ్డల్లో అది గుండె కొట్టుకునే తీగను దెబ్బతీస్తుంది. అందుకని నాలుగో నెల దాటినప్పటినుంచి మాటిమాటికీ విశాఖపట్నం వెళ్లి బిడ్డ గుండె వినేవాళ్లం. స్కానింగ్ గదిలో ఆ టకటకా చప్పుడు వినిపించేదాకా చెల్లి నా చెయ్యి వదిలేది కాదు. ఒక్కసారీ తడబడలేదు ఆ గుండె.

పాప నెలలు నిండే పుట్టింది. పుట్టిన రోజు తీసిన రక్తంలో తల్లి యాంటీ-రో ఉంది. డాక్టరమ్మ కంగారు పడొద్దన్నారు, తల్లి ఇచ్చిన ఐజీజీ ఏదైనా కొన్ని నెలల్లో అరిగిపోతుందని, ధనుర్వాతం నుంచి కాపాడేదీ అంతే, ఇదీ అంతే అని. ఎనిమిదో నెలలో మళ్లీ పరీక్ష చేయించాం. పాప రక్తంలో అది లేదు.